హెడ్‌లైటుకు పెట్టిన బొట్టు

మా అల్లుడు కొత్త కారు కొన్న వారం నన్ను తన అపార్టుమెంటు బేస్‌మెంటుకు పిలుచుకుపోయాడు. కారును గోడకు ఎదురుగా నిలిపి, లైట్లు వేసి, గోడను చూడమన్నాడు. కొత్త కోడలిని చూపించేటప్పుడు కూడా అంత మురిపెం ఉండదు. గోడ మీద గీత గీసినట్టు తెల్లటి వెలుగు నిలబడింది. గీత కింద పట్టపగలు, గీత పైన చీకటి.

"చూశారా అత్తయ్యా, ఫ్యాక్టరీ ఎల్ఈడీ! కటాఫ్ ఎంత షార్ప్‌గా ఉందో చూడండి. మీ హాలోజన్ దీని ముందు దీపం బుడ్డి" అన్నాడు.

"గోడకు బాగుండాదప్పా. గోడలేమీ రోడ్డు మీద ఎదురు రావు కదా" అన్నాను.

అతను నవ్వేశాడు. మనిషి మంచివాడే. గుంటూరు వైపు వాళ్ళు, బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. కాకపోతే స్క్రీను మీద కనపడనిదేదీ లోకంలో లేదనుకునే రకం. ఎదురుగా బండి వస్తే ఈ కారు తానే కనిపెట్టి హైబీమ్ తగ్గించుకుంటుందని, తోలేవాడు వేలు కూడా కదపక్కర్లేదని చెప్పాడు. ఎదుటి మనిషికి ఇచ్చే మర్యాదను కూడా యంత్రానికి అప్పజెప్పేశారన్నమాట! కానివ్వండి, మనుషులకు ఎట్లాగూ చేతకావడం లేదు అనుకున్నాను.

నాకు వెలుగు సంగతి తెలియక కాదు. సర్జాపుర పాత ఊళ్ళో జాకెట్టు గుడ్డల అంగడి నడిపి ఇద్దరు పిల్లల్ని చదివించిన మనిషిని. ట్యూబులైటు కింద మెరూను అని మురిసి కొనుక్కుపోయిన గుడ్డ ఇంటికెళ్తే వక్కరంగు. అందుకే మా అంగడికొచ్చిన ఏ ఆడమనిషీ నా మాట నమ్మేది కాదు, గుడ్డ చేతబట్టుకుని వాకిట్లోకి నడిచేది. తెల్లగా ఉన్నంత మాత్రాన వెలుగు నిజం చెబుతుందని లేదు. వానలో తెల్ల లైటు వేసి చూడండి, తడిసిన తారూ, నీళ్ళు నిండిన గుంటా ఒకే నలుపు. పసుపు లైటు అంత దూరం పోదు, నిజమే, కానీ ముందున్న నాలుగు బారల్లో గుంటను గుంటలా చూపిస్తుంది.

నా కారు చిన్నది, పాతది. మా ఆయన కొన్నది. ఆయన పోయాక అమ్మేయమని ఊరంతా చెప్పింది, నేను తోలడం నేర్చుకున్నాను. హెడ్‌లైటుకు గట్టి గాజు, లోపల హాలోజన్ బల్బు. బల్బు పోతే బానెట్ ఎత్తి నేనే మార్చుకుంటాను. అల్లుడి కారులో లైటు పోతే దీపం ఒక్కటీ మార్చేందుకు లేదట, గాజుతో, వెలుగును ముందుకు తోసే లోపలి గిన్నెతో సహా మొత్తం పీకి కొత్తది పెట్టాలట. పన్ను పుచ్చితే దవడ తీసేసినట్టు! ఇదీ వీళ్ళ అభివృద్ధి.

సర్జాపుర రోడ్డు మీద ఇప్పుడు అడుగడుగునా టవర్లు. టవరు నిండా మనుషులు, మనిషికొక ఎత్తు కారు. చీకటి పడితే అవన్నీ ఒక్కసారిగా బయలుదేరతాయి. ఆ కార్ల లైట్లు సరిగ్గా నా కళ్ళ ఎత్తున ఉంటాయి. ముందు నుంచి వచ్చేవాడు కళ్ళలో కొడతాడు, వెనకవాడు అద్దంలో కొడతాడు. ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టి కారు తోలమన్నట్టుంటుంది. వీళ్ళను చూసి వాతలు పెట్టుకున్నవాళ్ళు ఇంకో రకం. పాత హాలోజన్ గిన్నెలో ఎల్ఈడీ బల్బు దూర్చి, వెలుగును చెట్ల మీదా, మేడల మీదా, ఆకాశంలోనూ చల్లుకుంటూ పోతారు. ఆ గిన్నెను సన్నటి తీగె వెలుగుకు కొలత పెట్టి చేశారు. ఒకామె కొలతకు కుట్టిన జాకెట్టు ఇంకొకామెకు తొడిగితే ఎక్కడ పిగులుతుందో నాకు తెలుసు.

నేను ఊరుకునే మనిషిని కాను. అద్దం దించి అరిచేదాన్ని. "నీకు కనపడితే సాలా? ఎదురొచ్చేవాళ్ళకు కనపడొద్దా?" ఎవరూ వినలేదు. వాళ్ళ అద్దాలు మూసి ఉంటాయి, లోపల ఏసీ, పాటలు. అయినా రోజూ అరిచేదాన్ని, అరవకపోతే ఆ పూట అన్నం అరిగేది కాదు.

ఆ ఎల్ఈడీ చెడ్డ లైటని నేననను. దాని వెనక కూర్చున్నవాడికి అంతటి లైటు ఇంకోటి లేదు. అల్లుడి పక్క సీట్లో కూర్చుని చూశాను కదా, రంగు పూయని స్పీడ్‌బ్రేకరు, దూరంగా గట్టు మీద పడుకున్న కుక్క, అన్నీ చేత్తో తీసి ఇచ్చినట్టు కనపడ్డాయి. దాని ముందు నిలబడ్డవాళ్ళ గతి ఏమిటన్నదే అందులోంచి కనపడదు.

ఇదంతా నోటి తీట కింద పోయేదే, నా మనవరాలి గురువారాలు లేకపోతే.

పిల్లకు ఎనిమిదేళ్ళు. మా వీధిలో ఒక మాస్టారి దగ్గర మృదంగం నేర్చుకుంటుంది. గురువారం బడి వ్యాను దాన్ని మా ఇంటి ముందు దింపుతుంది. పాఠం అయ్యాక నా చేతి బియ్యప్పిండి అక్కి రొట్టె తిని, చీకటి పడే వేళకు నా కారెక్కుతుంది. దారంతా డాష్‌బోర్డు మీద ఆదితాళం. ఆ తాళం మధ్యలోనే నాకు అన్నీ చెబుతుంది. బడిలో ఎవరు పక్కన కూర్చోనివ్వలేదో, వాళ్ళమ్మా నాన్నా ఎందుకు మాట్లాడుకోలేదో, చీకటంటే తనకు ఇంకా భయమని ఎవరికీ చెప్పవద్దని. ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే "ఏం లేదవ్వా" అంటుంది. కారులోనే చెబుతుంది. వారానికి ఒకసారి నాకంటూ ఉండేది ఆ దారి ఒక్కటే.

ఒక వాన సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, ఏమనుకోవద్దు. చీకటి పడినంక పిల్లని నీ కార్లో వద్దంటున్నారు ఆయన. నీ లైట్స్ చానా డల్ అంట. గురువారం తనే వచ్చి పిక్ చేసుకుంటారంట."

"నా లైట్లకేమైందే? ఇన్నాళ్ళు రాలేదా పిల్ల?"

"అమ్మా, ప్లీజ్."

ఆ ప్లీజ్ అనే మాట ఎవరు కనిపెట్టారో గానీ, దాని తరువాత మనిషి మాట్లాడేందుకు ఏమీ మిగలదు. ఆ గురువారం నుంచి అల్లుడే వచ్చాడు. వాకిట్లో తెల్లటి లైట్లు వెలిగేవి, పిల్ల రొట్టె డబ్బా పట్టుకుని ఎక్కేది, వెనక సీటులోంచి చెయ్యి ఊపేదేమో కూడా నాకు తెలియదు. ఆ వెలుగులో నాకేమీ కనపడేది కాదు. ఒట్టి చెయ్యి ఊపుతూ గేటు దగ్గర నిలబడిపోయేదాన్ని.

ఆయుధపూజ వచ్చింది. మా ఇంట్లో అది పెద్ద పండుగ. పాత మగ్గం పలకకు, అంగట్లోని కత్తెరకు, గజం బద్దకు, వాకిట్లో బండ్లకు, అన్నిటికీ పూజ. అల్లుడూ కూతురూ పిల్లా పొద్దున్నే వచ్చారు. అల్లుడి చేతిలో మెరుపు కాగితం చుట్టిన డబ్బా ఉంది.

"అత్తయ్యా, మీకు గిఫ్ట్. ఎల్ఈడీ బల్బులు, మీ కారులోనే ఫిట్ అవుతాయి. ఇవి వేసుకుంటే గురువారాలు మళ్ళీ మీవే" అన్నాడు.

చూడండి, ఎంత తెలివైన మొగుడిని తెచ్చుకుందో మా అమ్మాయి! గోడ మీద గీతలు చూపించి కటాఫ్ అని పాఠం చెప్పినవాడే, నా పాత గిన్నెలోకి ఈ బల్బులు తెచ్చాడు. అది ఫ్యాక్టరీ లైటుకు అన్నా కాదు తమ్ముడూ కాదు, పేరు ఒకటే. ఈ మాటలన్నీ నాలుక చివరికొచ్చాయి. అప్పుడు పిల్ల నా కొంగు పట్టుకుని "అవ్వా, పెట్టుకో అవ్వా" అంది.

సరే, బిగించమన్నాను. అల్లుడు ఫోనులో వీడియో చూస్తూ చెమటలు కక్కుకుంటూ తనే బిగించాడు. తీసేసిన హాలోజన్ బల్బులు రెండూ నేను గాజుల డబ్బాలో గుడ్డ చుట్టి దాచాను.

పూజ మాత్రం ఘనంగా జరిగింది. రెండు కార్లకూ అరటి పిలకలు కట్టి, బంతిపూల దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బూడిదగుమ్మడికాయ పగలగొట్టాము. హెడ్‌లైట్లు బండికి కళ్ళు కాబట్టి వాటికి చిక్కటి గంధం పూసి, మీద కుంకుమ పెట్టాను. ఇది మా అత్తగారి పద్ధతి. పూజలో పెట్టిన బొట్టు చేత్తో తుడవకూడదు, దానంతట అదే రాలాలి. అల్లుడికీ అదే చెప్పాను. అతను బుద్ధిగా తల ఊపాడు.

ప్రతి ఏడూ నా కారు బొట్టు రెండో రోజుకే రాలిపోయేది. ఒక సాయంత్రం లైటు వేసి తిరిగితే గాజు వేడెక్కి, గంధం బీటలిచ్చి, పెచ్చులుగా ఊడిపోయేది. అమ్మవారు తీసుకుంది అనుకునేవాళ్ళం. ఈసారి ఎన్నాళ్ళైనా రాలలేదు. ఎల్ఈడీ గాజును వేడెక్కించదు కదా, చల్లటి గాజు మీద బొట్టు గోడకు సున్నంలా అతుక్కుంది. నేనేమో అమ్మవారు ఈసారి నిలిచి ఉందనుకుని ఇంకాస్త మురిసిపోయాను.

గురువారం వచ్చింది. పాఠం అయింది. పిల్ల నా కారెక్కి డాష్‌బోర్డు మీద దరువు మొదలుపెట్టింది. చిన్న తుంపర పడుతోంది. తుంపరకు గంధం కరిగి గాజంతా పులుముకుందని నాకు తెలియదు. ముందు తెల్లగా వెలుగుతోంది, అంతే తెలుసు. నిజం చెప్పనా, హాయిగానే అనిపించింది. పిల్ల కొత్త జతి ఒకటి చెబుతోంది, నేను తల ఊపుతున్నాను.

కల్వర్టు దగ్గర రోడ్డు తవ్వి మట్టి పోశారు. ఎదురుగా ఒక స్కూటరు వస్తోంది. తోలేది ఆడమనిషి, ముందు నిలబడ్డది చిన్నపిల్ల. మా వెలుగు వాళ్ళ మీద పడగానే ఆ పిల్ల రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. తల్లి ఒక చెయ్యి అడ్డం పెట్టుకుంది. స్కూటరు తారు దిగి మట్టిలోకి జారి, పక్కకు ఒరిగింది. ఆమె కాలు ఆనించి ఎట్లాగో నిలబెట్టుకుంది.

నేను కారు ఆపి దిగాను. దెబ్బలేమీ తగల్లేదు. ఆమె పిల్లను చంకనేసుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది. కదిరి వైపు మాట.

"ఏమ్మా, పెద్దదానివి, బుద్ధి ఉండాదా నీకు? నీకు కనపడితే సాలా? ఎదురొచ్చేవాళ్ళకు కనపడొద్దా?"

కారులోంచి మా పిల్ల తల బయటికి పెట్టి, "అవ్వా, అది నువ్వు చెప్పే మాట కదా?" అంది.

"తప్పైపోయింది తల్లీ" అన్నాను ఆమెతో. ఆ చంకలోని పిల్ల ఇంకా కళ్ళు తెరవలేదు. ఆమె వెళ్ళిపోయాక నా కారు ముందుకు నడిచి చూశాను. కుంకుమా గంధం కలిసి గాజంతా మసకగా పులుముకుని, వెలుగు అన్ని దిక్కులకూ చిమ్ముతోంది. అత్తగారు క్షమించుగాక, కొంగు ముడిచి రెండు గాజులూ తుడిచేశాను. లైటు వెలుగుతూనే ఉంది, గాజు మాత్రం కుండలో నీళ్ళంత చల్లగా ఉంది. తుడిచినా ఆ చిమ్మడం సగమే తగ్గింది. మిగతా సగం గిన్నెకు సరిపడని బల్బుది. దారంతా పార్కింగు లైట్లతో, ఆటోల వెనక నత్తలా పాకుతూ పిల్లను ఇల్లు చేర్చాను.

మరునాడు పొద్దున గాజుల డబ్బా తెరిచి పాత బల్బులు పెట్టేశాను. అల్లుడి బల్బులు అదే మెరుపు కాగితంలో చుట్టి తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పాను.

"అంటే మళ్ళీ హాలోజనేనా అత్తయ్యా? సేఫ్టీ సంగతి..." అని నసిగాడు.

"ఎవరి సేఫ్టీ అప్పా? ఆ స్కూటరు మీద ఉండేది పిల్ల కాదా?"

"నాకు ఉన్నది ఒక్కతే అత్తయ్యా. నేను రిస్క్ తీసుకోలేను."

అతని భయం అబద్ధం కాదు. "అయితే పంపొద్దులే" అన్నాను. "నీ కారు బొట్టన్నా తుడిచెయ్యి. అది ఎల్ఈడీ మీద రాలదు."

"పూజ బొట్టు తుడవకూడదని మీరే కదా చెప్పారు! కారు కడిగే అతనికి కూడా ముట్టుకోవద్దని చెప్పాను" అన్నాడు. నా మాట అతను విన్నది జీవితంలో అదొక్కసారి. అది కూడా వినకూడని చోట విన్నాడు, నా కర్మ.

ఇంటికొచ్చి ఏడ్చాను. గెలిచి ఓడినట్టుంది. రెండు రోజులకు అమ్మాయి ఫోన్ చేసి, ఆయనకు ఆఫీసులో లేటవుతోందనీ, గురువారాలు పిల్లను ఆటోలో తీసుకురమ్మనీ చెప్పింది.

"ఆటోలోనా? ఆయప్ప ఒప్పుకున్నాడా?"

"ఆటో అయితే ప్రాబ్లం లేదన్నారమ్మా."

పడీపడీ నవ్వాను. నా కారుకు రెండు లైట్లు, నాలుగు తలుపులు, సీటుకు బెల్టు. మా స్టాండులోని ఆటోకు తలుపు లేదు, బెల్టు లేదు, ఉన్న ఒక్క లైటు తాడుతో కట్టి వేలాడుతూ ఎడమ వైపు మోరీ కాలవను చూస్తూ ఉంటుంది. అది వెలిగిందో లేదో దగ్గరికెళ్ళి చూస్తే గానీ తెలియదు. అయినా ప్రాబ్లం లేదట! ఆటోకు ఎల్ఈడీ ఉందా అని ఎవరూ అడగలేదు. కొత్తొక వింత, పాతొక రోత అంటారు, వీళ్ళకు రోత నా కారు మీదే.

గురువారం పిల్లను ఎక్కించుకుని బయలుదేరాను. ఆటోలో దరువు వేయడానికి డాష్‌బోర్డు లేదు, నా మోకాలి మీద వేసింది. బడిలో ఎవరో తన మృదంగాన్ని డబ్బా అన్నారని చెప్పింది. అదే కల్వర్టు దగ్గరికి వచ్చాం. ఎదురుగా ఎత్తు కారు ఒకటి హైబీమ్ వేసుకుని వస్తోంది. ఇప్పుడు తగ్గిస్తాడు, ఇప్పుడు తగ్గిస్తాడు అని చూస్తున్నాను. తగ్గలేదు. లోకమంతా తెల్లబోయింది.

"కణ్ణు హోయ్తల్లప్పా!" అని, కళ్ళు పోయాయని కన్నడంలో అరుస్తూ డ్రైవరు బ్రేకు తొక్కాడు. ఆటో ఊగి మట్టికుప్ప మీదికెక్కి ఆగింది. పిల్ల ముందుకు తూలి, నా చేతుల్లోంచి జారి, ముందున్న కమ్మీకి నుదురు కొట్టుకుంది. ఆ కారు వేగం తగ్గకుండానే పక్కనుంచి వచ్చింది. పిల్ల నుదురు పట్టుకుని ఏడవబోయి, ఆగి, దాన్నే చూసింది. దాని లైట్లలో ఒకటి వానకు కడిగినట్టు తెల్లగా ఉంది, ఒకటి గులాబీ రంగులో ఉంది. దాటి పోతుంటే గాజు మీద అతుక్కున్న కుంకుమ నాకూ కనపడింది.

"అవ్వా," అంది పిల్ల, "బొట్టు లైటు. నాన్న."

ఆ రోజు ఆఫీసు నుంచి తొందరగా వచ్చి, ఏదో పని మీద మళ్ళీ బయటికి పోతున్నట్టున్నాడు. పిల్లను గుండెకు అదుముకుని, దాని నుదుటి మీద ఉబ్బుతున్న బొప్పిని అరచేత్తో నొక్కుతూ కూర్చున్నాను. ఎదురొచ్చే బండిని తానే కనిపెట్టి తల దించుకుంటుందన్నాడే, ఆ తెలివైన లైటు మా ఆటోను బండిగా లెక్కపెట్టనే లేదు.

మేము ఇల్లు చేరి, అమ్మాయి పిల్ల నుదుటికి ఐసు పెడుతుండగా అల్లుడు మందుల సంచితో వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "వచ్చేశారా అత్తయ్యా? ఆటోలో కంఫర్టబుల్‌గా ఉందా?" అన్నాడు.

"ఉండాది. కల్వర్టు కాడ నీకు ఒక ఆటో కనపడిందా అప్పా?"

"ఆటోనా? లేదే. రోడ్డంతా ఖాళీ. వెళ్ళేటప్పుడు హైబీమ్ ఒక్కసారి కూడా తగ్గలేదు, ఎదురుగా ఎవరూ లేరు."

పిల్ల ఐసు గుడ్డ పక్కన పెట్టి అతని వైపు తిరిగింది. "మేమున్నాం నాన్నా" అంది.

అతను పిల్ల ముఖం చూశాడు, తరువాత నా ముఖం చూశాడు. అల్లుడు కింద కూర్చుని బొప్పి మీద చెయ్యి పెట్టబోయాడు. వెనక్కి తీసుకుని, ఐసు గుడ్డ అందుకుని తనే అద్దాడు.